నిద్రపుచ్చిన వరుసలు

భాద్రపద శుద్ధ ద్వాదశి

ఈ పక్షం కూడా గుల్లలు గోకే వంతు నాకే పడింది. తెప్ప అడుగున పట్టిన గుల్లల్ని పొద్దున్నుంచీ గోకితే మోచేతులు పడిపోయాయి. పైకొచ్చి తల తుడుచుకుంటూ పలక తెరిస్తే మళ్ళీ అవే ఫిర్యాదులు. కొత్తగా పంచిన చేతి తెరలు బెత్తెడు వెడల్పు కూడా లేవని, పొడుగు వరుసలు అంచు దాటి మాయమవుతున్నాయని, చదవలేక చస్తున్నామని. ముసలివాళ్ళయితే నేను కనబడితే చాలు, తెర తెచ్చి నా ముక్కుకి ఆనిస్తున్నారు.

మా పదకొండో తెప్ప మీద ప్రతి ఇల్లూ తన నీళ్ళు తనే రాసుకుంటుంది. ఎవరికి ఎన్ని, ఏ వేళకి, వేడివా చన్నీళ్ళా అని వంతు భాషలో వరుసకొకటి చొప్పున పేజీ మీద రాస్తే, పంపు అది చదువుకుని వాల్వులు తిప్పుతుంది. రాసేది పలక అనే ఎడిటర్లో. అందులో ఏ మాట ఏ రంగులో కనబడాలి, ఏ వరుస ఎక్కడ మొదలవాలి అని చూసుకునే ముక్క పేరు వంతు మోడ్. దాని మంచిచెడ్డలు చూసేది నేనొక్కదాన్నే. జీతం లేదు, తిట్లు మాత్రం పుష్కలం.

ఇవాళ దాని పని పట్టాను. ఇక నుంచి వరుస అంచుకి రాగానే మోడ్ దాన్ని విరిచి, చివర 'ఇంకా ఉంది' అనే గుర్తు పెట్టి, మిగతాది కింది వరుసలో పడేస్తుంది. ఆ గుర్తు చూసి పంపు రెండిటినీ కలిపి చదువుకుంటుంది. నా సొంత పేజీ పై సగం మీద పరీక్ష చేస్తే చక్కగా వచ్చింది. ఇంత చిన్న పనికి ఇన్నాళ్ళు అందరినీ ఏడిపించానా అని నవ్వొచ్చింది. పున్నమికి అందరికీ పంపేస్తాను.

భాద్రపద పౌర్ణమి

పున్నమికీ అమావాస్యకీ ప్రతి ఇల్లూ తన పేజీ తెరిచి, ఒకసారి చూసుకుని, మళ్ళీ భద్రం చేయాలి. కొత్త మోడ్ ఉంటే తీసుకోమంటావా అని పలక అడిగేది అప్పుడే. అందరూ 'అవును' నొక్కారు. సాయంత్రానికి తెప్పంతా నా పేరు మారుమోగిపోయింది. తెప్ప పెద్ద గోవర్ధనం గారు ఎదురొచ్చి మరీ మెచ్చుకున్నారు. ఎవర్నయినా మెచ్చుకుంటే తన ఆస్తి కరిగిపోతుందన్నట్టు ఉంటారాయన. నేను తల వంచుకుని వినయం ఒలకబోశాను గానీ లోపల పొంగిపోయాను.

నాంచారమ్మ పిన్నికి మాత్రం నేనే వాళ్ళింటికి వెళ్ళి 'అవును' నొక్కిపెట్టాను. రాఘవులు బాబాయి పోయి ఇంకా ఏడాది కాలేదు. పేజీ కిందిభాగమంతా ఆయనే. పోయినవాళ్ళ వరుసల్ని మా దగ్గర ఎవరూ చెరపరు. వరుస మొదట్లో నిద్ర గుర్తు పెట్టి, పక్కనే వాళ్ళ గురించి నాలుగు మాటలు రాసి, ఆ తరవాత ఎన్ని, ఏ వేళకి అనే వాళ్ళ నీళ్ళ మాట ఉన్నదున్నట్టు ఉంచేస్తారు. నిద్రపుచ్చడం అంటాం. గుర్తున్న వరుసను పంపు చదవదు, మోడ్ దాన్ని బూడిదరంగులో చూపిస్తుంది. పిన్ని నాలుగు మాటలతో సరిపెట్టే మనిషి కాదు. బాబాయి మోకాళ్ళ నొప్పుల దగ్గర్నుంచి ఆయన అలిగి అన్నం మానేసిన రోజుల దాకా అన్నీ ఒకే వరుసలో రాసింది. నేను మిగతాది చదవబోతే తెర లాక్కుని, అది నీక్కాదులే అంది.

భాద్రపద బహుళ పంచమి

తుఫాను తొట్టిలో నీళ్ళు తగ్గుతున్నాయి. ముసురు పట్టి ఎండ మొహం చాటేస్తే ఉప్పునీళ్ళు ఆవిరి కావు, మంచినీళ్ళు పుట్టవు. అలాంటి రోజుల కోసం దాచుకున్న తొట్టి అది. కార్తీకం దాటేదాకా దాన్ని ఎవరూ కదపకూడదు. తగ్గుదల కనిపెట్టింది వాల్వులు చూసే మరియదాసు. తనంతట తనే పోయి గోవర్ధనం గారికి చెప్పాడు. తీరా చూస్తే చెప్పినవాడి మీదే కళ్ళు పడ్డాయి. తొట్టి తాళంచెవి ఉన్నది అతని మొలకే కదా అన్నారు. పంపుకి నీళ్ళు చాలకపోతే తొట్టిలోంచి తీసుకునే దారి కూడా ఒకటుంది. కానీ ఇళ్ళ పేజీల్లో ఎవరూ ఏమీ మార్చనప్పుడు చాలకపోవడం ఎందుకుంటుంది? ఇక మిగిలింది తాళంచెవే.

దాసన్న అని నేను పిలిచే ఈ మరియదాసు వాళ్ళు ఒడ్డు మీది గట్టు శిబిరం నుంచి వచ్చారు. అతనూ, సలోమి వదినా అక్కడ చవిటినీళ్ళు తాగుతూ, తెప్ప మీద చోటు కోసం ఇద్దరు ఆడపిల్లలు పుట్టి పెరిగేదాకా కాచుక్కూచున్నారు. అటుగా పోయే పడవలకి నీళ్ళమ్ముతున్నాడని ఎవరో అప్పుడే అనేశారు. నాకు ఒళ్ళు మండి, మీరు చూశారా అని అడిగేశాను కూడా. చూసినవాళ్ళు ఎవరూ లేరు, అనేవాళ్ళు మాత్రం చాలామంది.

విచిత్రమేమిటంటే ఇళ్ళల్లో కరువేం లేదు. కుండీలు నిండుగా ఉన్నాయి, మాట్లాడితే ఇదివరకటి కంటే ఎక్కువే ఉన్నాయి. మహాలయ పక్షం కదా, పెద్దల చలవ అనుకుని ఎవరికి వారు గమ్మున ఉన్నారు. నేనూ గమ్మునే ఉన్నాను.

భాద్రపద బహుళ అష్టమి

ఇవాళ అమ్మ తిథి. నీళ్ళు వదిలే స్తోమత మాకు లేదు గనక, పోయినవాళ్ళ వరుసను పైకి చదవడమే ఇక్కడ తర్పణం. స్నానం చేసి, తూర్పుకి తిరిగి కూర్చుని పేజీ చివరికి వెళ్ళాను.

'మా అమ్మ రత్నమాంబ. ఉప్పునీళ్ళతో అంట్లు తోమి చేతులు పగలగొట్టుకుంది గానీ తన వంతు దాటి చెంబెడు నీళ్ళు వాడి ఎరగదు.' అక్కడిదాకా బూడిదరంగే. అక్కడ వరుస విరిగింది. కింది వరుసలో అమ్మ నీళ్ళ మాట ఆకుపచ్చగా, బతికున్న మనిషి వరుసలాగా కనబడుతోంది.

నేను పెట్టించిన 'ఇంకా ఉంది' గుర్తు పోయి పోయి నిద్రపోయే వరుస చివర కూచుంది. ఆ వరుసనే చదవని పంపు దాని చివర ఉన్న గుర్తునెలా చూస్తుంది? కిందిది వేరే వరుస అనుకుంది. పున్నమి నుంచీ అమ్మ పేరు మీద రోజూ నీళ్ళు వదులుతోంది. తన వంతు దాటి చెంబెడు వాడని మనిషి చేత దొంగనీళ్ళు తాగించాను.

అమ్మ ఒక్కతే కాదు. పోయినవాళ్ళ గురించి ఒక్క ముక్క రాసి ఊరుకున్న ఇళ్ళల్లో వరుస విరగదు. మనసు పెట్టి రాసిన ఇళ్ళల్లోనే విరుగుతుంది. మా తెప్ప మీద అందరూ మనసు పెట్టే రాశారు. తుఫాను తొట్టి ఎటు పోతోందో నాకు అర్థమైంది.

ఆ నిమిషానే గోవర్ధనం గారి దగ్గరికి పరిగెత్తాల్సింది. గుమ్మం దాకా వెళ్ళాను కూడా. ఉత్త చేతులతో వెళ్ళి తప్పు ఒప్పుకోవడమెందుకు, ముందు సరిచేసి ఆ తరవాత చెబుదాం అనుకుని వెనక్కి తిరిగాను. మొన్న మెచ్చుకున్న నోళ్ళు కళ్ళ ముందు ఆడాయి. అసలు సంగతి అదీ.

భాద్రపద బహుళ నవమి

సభ పెట్టారు. దాసన్న కూర్చున్న బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. నేను ఆలస్యంగా వెళ్ళాను, అక్కడే చోటుంది. తలా ఒక మాట అంటున్నారు. పడవ చూశామన్నవాళ్ళు కూడా ఇవాళ బయల్దేరారు. దాసన్న లేచి అరవలేదు, ప్రమాణాలు చేయలేదు. నా వైపు వంగి మెల్లగా అడిగాడు.

"వకుళమ్మా, పేజీల్లో ఏవన్నా తేడా పడిందేమో. నాకా రాత తెలవదు. నువ్వు చూస్తే చెప్పగలవు."

"చూస్తాలే అన్నా" అన్నాను.

ఆ మాత్రానికే అతని మొహం తేటపడింది. హమ్మయ్య అన్నట్టు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నాకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది, మాకు భూమి కూడా లేదు. లేచి నిలబడి నాలుగు ముక్కలు చెబితే అయిపోయేది. కూర్చునే ఉన్నాను.

అమావాస్య దాకా చూసి, తొట్టి ఇంకా తగ్గుతూ ఉంటే తాళంచెవి తీసేసుకోవాలని తీర్మానించారు. అప్పుడు తగ్గడం ఆగితే దొంగ తేలినట్టే అన్నారు గోవర్ధనం గారు. అందరూ తలలూపారు. నేనూ ఊపానేమో గుర్తులేదు.

భాద్రపద బహుళ ద్వాదశి

మోడ్ సరిచేశాను. నిద్ర గుర్తున్న వరుసను ఇక విరవదు. ఇదివరకు విరిచినది కనబడితే తిరిగి అతికించేస్తుంది. ఈసారి పేజీ మొత్తం మీద, ఆ తరవాత లేనిపోని పేజీలు రాసి వాటి మీద, ఒకటికి నాలుగుసార్లు పరీక్ష చేశాను. మొదటిసారే ఈ బుద్ధి ఉంటే ఎంత బాగుండేది.

అమావాస్యకి అందరూ 'అవును' నొక్కుతారు. వరుసలు అతుక్కుంటాయి, తొట్టి కుదుటపడుతుంది, గొడవ చల్లారుతుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, దాసన్న మీద పడ్డ నిందా దానంతటదే పోతుంది. ఇలా అనుకున్నాక ఇవాళ చాలా రోజులకి అన్నం సహించింది. వాల్వుల దగ్గర దాసన్న ఎదురై, ఏమన్నా కనబడిందా అమ్మా అని అడిగాడు. చూస్తున్నానన్నాను.

భాద్రపద అమావాస్య

మహాలయ అమావాస్య. పోయినవాళ్ళకి నీళ్ళిచ్చే రోజున తెప్ప మీద పోయినవాళ్ళందరి నీళ్ళూ గుట్టుచప్పుడు కాకుండా కట్టేశాను. పొద్దున ఇంటింటా పేజీలు తెరిచారు. వరుసలు అతుక్కున్నాయి, ఎవరూ పేజీ కిందిదాకా వెళ్ళి చూసుకోలేదు.

మధ్యాహ్నం గోవర్ధనం గారు తొట్టి కొలిచారు. నిన్నటికి ఇవాళ్టికి కూడా తగ్గింది. పొద్దున 'అవును' నొక్కేలోపే పారిన నీళ్ళవి. దాసన్న మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఆయన చేతిలో పెట్టాడు.

ఆశ్వయుజ శుద్ధ విదియ

తొట్టి తగ్గడం ఆగిపోయింది. నిన్న, ఇవాళ, వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

చూశారా అన్నారు అందరూ. తాళంచెవి పోయింది, తగ్గడం ఆగింది, ఇంకేం కావాలి అన్నారు. షష్ఠి నాడు సరుకుల పడవ వస్తుంది. తిరుగు ప్రయాణంలో మరియదాసు కుటుంబాన్ని గట్టు శిబిరంలో దించేయాలని తేల్చేశారు. ఒకసారి తెప్ప దిగినవాళ్ళకి మళ్ళీ ఏ తెప్పా చోటివ్వదు.

నేను తొట్టి గట్టున నిలబడిపోయాను. ఊరుకుని ఉన్నా బాగుండేది. నీళ్ళు కారుతూనే ఉంటే దాసన్న కాదని ఈపాటికి తేలిపోయేది. నన్ను నేను కాపాడుకోవడానికి చేసిన పని తీసుకెళ్ళి అతని మెడకి చుట్టాను. తప్పు చేయడం ఒక ఎత్తు, దాన్ని ఇంత నేర్పుగా చేయడం ఇంకో ఎత్తు.

ఆశ్వయుజ శుద్ధ తదియ

గోవర్ధనం గారికి అంతా చెప్పాను. గుర్తు దగ్గర్నుంచి అమ్మ వరుస దాకా, సభలో నోరు మూసుకున్నది కూడా దాచకుండా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, నీది మెత్తటి మనసమ్మాయ్ అన్నారు. దాసు పిల్లల్ని చూసి జాలి పడి నెత్తిన వేసుకుంటున్నావు, నాకు తెలుసు అన్నారు.

పాత మోడ్ పెట్టి ఆయన కళ్ళ ముందే ఒక వరుస విరిచి చూపించాను. రాసేదానివి నువ్వే, ఏది కావాలంటే అది చూపిస్తావు అన్నారు. అదీ నిజమే. తెప్ప మీద ఒక్క ఇంటి పేజీలో విరిగిన వరుస ఉంటే చూపించమన్నారు. నా చేతులతో నేనే అన్నీ అతికించాను. పాత పేజీలు దాచడానికి పలకలో చోటు లేదు. ఉప్పుగాలికి పేజీలు దాచే డబ్బాలు చెడిపోతుంటే ఇంటికొక్క పేజీ నిలవడమే గొప్ప. నిజం చెబితే నమ్మేవాళ్ళు లేకుండా చేసుకోవడం కూడా నాకే చెల్లింది.

ఆశ్వయుజ శుద్ధ చవితి

తెల్లవారుజామున గుల్లలు గోకడానికి దిగబోతూ నాంచారమ్మ పిన్ని ఇంటి పక్కగా వెళ్ళాను. పెరటి వైపు గొట్టం కింద ఇత్తడి బకెట్ ఉంది. అందులోంచి పొగలొస్తున్నాయి. పక్కనే పీట వేసుకుని పిన్ని కూర్చుని ఉంది. ఆవిడ పేజీలో వేణ్ణీళ్ళు రాసి ఉన్నది బాబాయి మోకాళ్ళకి మాత్రమే.

కొత్త మోడ్ తీసుకోలేదా పిన్నీ అని అడిగాను. ఆవిడ బకెట్ మీంచి కళ్ళు తిప్పలేదు.

"వద్దు నొక్కా. పున్నమి నాడు నువ్వు అవునన్నావు, తెల్లారేటప్పటికి ఆయన బకెట్లో వేణ్ణీళ్ళు. మళ్ళీ అవునంటే పోతాయని ఆ మాత్రం తెలవదా నాకు."

ఆ నీళ్ళు ఆవిడ పోసుకోవడం లేదట. చల్లారిందాకా పక్కన కూర్చుని, తరవాత తోటకూర మడికి పోస్తోందట. పీట పక్కన కూలబడి దాసన్న సంగతంతా చెప్పాను. తెప్ప మొత్తం మీద మిగిలిన విరిగిన వరుస నీదొక్కటే, ఒక్క బకెట్టు గనక తొట్టి మీద పడకుండా సరిపోతోంది, అది పదిమందికీ చూపించి ఆ తరవాత ఆపేయాలి అన్నాను. సరిచేసేటప్పుడు ఒక్కసారి కూడా ఆవిడ గుర్తుకు రాలేదు నాకు. ఆవిడ ఇంట్లో 'అవును' నొక్కింది నేను. ఇప్పుడు తియ్యమని అడుగుతున్నదీ నేనే. ఇంతకంటే సిగ్గుమాలిన పని నా జన్మలో చేయలేదు.

పిన్ని బకెట్లో వేలు ముంచి చూసింది. చివరికి, దాసు పిల్లలు ఏం చదువుతున్నారని అడిగింది. చెప్పాను. రేపు పొద్దున తీసుకురా అందర్నీ అంది.

ఆశ్వయుజ శుద్ధ పంచమి

గోవర్ధనం గారు, ఇంకో అయిదారుగురు వచ్చారు. దాసన్న దూరంగా కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. వెలుగు రాకముందే గొట్టం దగ్గి, బకెట్లోకి వేణ్ణీళ్ళు వదిలింది. ఎవరూ ఏ మీటా ముట్టుకోలేదు. పిన్ని తెర తెరిచి గోవర్ధనం గారి చేతికిచ్చింది. నన్ను చదవనివ్వని వరుసను ఆయన మనసులో చదువుకున్నారు. బూడిదరంగు ఎక్కడ విరిగిందో, కింద పచ్చవరుస ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూశారు. ఆయనకి కూడా పోయిన తమ్ముడున్నాడు. తమ ఇంటి కుండీ ఈ పక్షమంతా ఎందుకు నిండిందో అప్పుడు తట్టినట్టుంది, తల దించుకున్నారు. మిగతావాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కాసేపటికి ఆయన పిన్ని వైపు తిరిగి, రాఘవులు బావే వచ్చాడనుకున్నావా అక్కయ్యా అని మెల్లగా అడిగారు.

"ఆయనా? ఇంత పొద్దున్నే?" అంది పిన్ని. "బతికున్నన్నాళ్ళూ నేను లేపితేగా లేచింది. రాలేదని తెలుసు. నీళ్ళు చల్లారిపోతన్నాయి, లేవవయ్యా అని తిట్టుకోడానికి ఒక మనిషి ఉన్నట్టుండేది, అంతే."

తెర వెనక్కి తీసుకుని తనే 'అవును' నొక్కింది. నేను నొక్కుతానంటే వద్దంది. పచ్చవరుస పైకి పోయి బూడిదలో కలిసింది. అప్పటికే బకెట్లో పడ్డ నీళ్ళను పిన్ని తోటకూర మడి దాకా మోసుకెళ్ళింది. నేను చేయి వేయబోతే అదీ వద్దంది.

ఆశ్వయుజ శుద్ధ సప్తమి

నిన్న సరుకుల పడవ వచ్చి వెళ్ళింది. తాళంచెవి దాసన్న మొలకి చేరింది. సభలో గోవర్ధనం గారు అతనికి చేతులు జోడించారు. నన్నయితే ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, నిజం చెప్పావు, అదే గొప్ప అన్నారు. ఒకావిడ బెల్లం ముక్క కూడా చేతిలో పెట్టింది. తిడతారని ఇన్నాళ్ళు భయపడ్డాను. తిట్టి ఉంటే ఇంతకంటే హాయిగా ఉండేది.

సాయంత్రం దాసన్న ఇంటికి వెళ్ళాను. సలోమి వదిన కూర్చోమని పీట వేసింది. క్షమించమని అడగడానికి వచ్చాను గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. దాసన్నే మొదలుపెట్టాడు.

"నీకెప్పుడు తెలిసింది వకుళమ్మా?"

"సభకి ముందురోజు."

అతను వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. కోపం తెచ్చుకుంటాడని చూశాను, రాలేదు.

"అంటే, చూసి చెప్పమని నిన్ను అడిగినప్పుడు..."

"తెలుసన్నా" అన్నాను.

తలూపాడు. ఇల్లంతా బోసిగా ఉంది. గిన్నెలు, దుప్పట్లు, పిల్లల పుస్తకాలు అన్నీ మూటలు కట్టి గోడవారన పెట్టి ఉన్నాయి. పెద్దపిల్ల ఒక మూట ముడి కొంచెం సడలించి అందులోంచి పుస్తకం లాక్కుని, మళ్ళీ ముడి బిగించింది. పడవ వెళ్ళిపోయింది కదా, ఇంకా విప్పలేదేం వదినా అని అడిగాను. వదిన దాసన్న వైపు చూసింది.

"ఉండనీలేమ్మా" అన్నాడతను. "మళ్ళీ కట్టే ఓపిక లేదు."